మీటరమ్మ ఇంజను సైకిలు

ఆమె పని నీళ్ళ మీటర్లు చూడడం. నీటి సరఫరా ఆఫీసులో చేరి ఇరవై రెండేళ్ళయింది. ఏటికేడాది కాగితం మీద సంతకం పెట్టించుకుని కొనసాగించే ఉద్యోగమే గాని, చేసే పనిలో మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఏ మార్పూ లేదు. గేటు పక్కన నేలలో ఉండే ఇనప మూతని కొక్కెంతో పైకి లేపాలి. గొంతుక్కూర్చోవాలి. గుంటలోకి తలవంచి, గాజు మీది బురదని బొటనవేలితో తుడిచి, లోపలి అంకెలు చదువుకుని, లేచి, చేతిలోని చిన్న మిషన్లో ఆ అంకెలు కొట్టాలి. రోజుకి నూట ఎనభై ఇళ్ళు. కూర్చోవడానికేం, ఎవరైనా కూర్చుంటారు. నూట ఎనభై సార్లు లేవడంలోనే ఉంది అసలు సంగతి.

వీధుల్లో అందరూ ఆమెని మీటరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పిల్లలో పెద్దలో ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో భర్త కూడా కోపంగా ఉన్న రోజున అదే పేరుతో పిలిచేవాడు.

ఒక్కొక్కరికి అప్పగించిన వీధుల్ని ఆఫీసులో బీటు అనేవారు. మీటరమ్మ బీటు పైవీధులు. గుట్ట వాలు మీద మెట్లు మెట్లుగా ఉండే పదకొండు వీధులు. ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్ళాలంటే సైకిలు దిగి తోసుకుంటూ ఎక్కాలి, లేదా మోకాళ్ళు గడ్డానికి తగిలేలా తొక్కాలి. వయసులో ఉన్నప్పుడు తొక్కింది. నలభై ఏడో ఏట కుడి మోకాలు మొరాయించింది. పొద్దున లేవగానే అది వాచి, తనది కాని వస్తువేదో కాలికి తగిలించినట్టు ఉండేది.

డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, మెట్లు ఎక్కొద్దు, గొంతుక్కూర్చోవద్దు, ఎత్తు మీదికి సైకిలు తొక్కొద్దు అన్నాడు.

"ఉద్యోగం మానేయమని చక్కగా మూడు ముక్కల్లో చెప్పాడక్కా!" అని మధ్యాహ్నం పంపుహౌసు మెట్ల మీద కూర్చుని పొడుగక్కకి చెప్పింది మీటరమ్మ.

పొడుగక్క కూడా మీటర్లే చూసేది. మనిషి చాలా పొడుగు. ఆఫీసు తలుపు కింద తల వంచి వచ్చేది, అందుకే ఆ పేరు. వయసు యాభై అయిదు దాటింది. ఆమె బీటు కిందివీధులు, అంతా చదును నేల, నడిచే తిరిగేది. చేరిన కొత్తలో మీటరమ్మకి కొక్కెం పట్టుకోవడం నేర్పింది ఆమే. మూత కింద తేలుంటే ఎలా తెలుస్తుందో, కుక్కని చూసి పరిగెత్తకుండా ఎలా నిలబడాలో, మీటరు తిరక్కుండా చాటుగా వేరే పైపు వేసుకున్న వాళ్ళని మొహం చూసి ఎలా పట్టాలో, అన్నీ ఆమే చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకునేవారు.

"కూర్చోవడం తప్పదు కదే. కనీసం ఎక్కడం తప్పించుకో. ఇంజను పెట్టించుకో సైకిలుకి" అంది పొడుగక్క.

ఆ మాట నవ్వులాటకే అంది. కాని అంతకు వారం ముందే, పైవీధుల వాలు మీద సైకిలు తోసుకుంటూ పోతున్న మీటరమ్మని కత్తులకు సానపట్టే మనిషి ఒకడు దాటిపోయాడు. మామూలు సైకిలే. మధ్యలో ఏదో ఇనప ముద్ద గురగురమంటోంది. అతని కాళ్ళు పెడళ్ళ మీద ఊరికే ఆనించి ఉన్నాయి. ఎత్తు మీదికి కాలు కదపకుండా పోతున్న ఆ మనిషిని మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఇంకొకరి సుఖం చూసి అంతగా కుళ్ళుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

స్కూటరు కొనుక్కోవచ్చు కదా అన్నవాళ్ళు లేకపోలేదు. స్కూటరైతే ప్రతి గేటు దగ్గరా స్టాండు వేయాలి, తీయాలి. ఆ బరువంతా మళ్ళీ మోకాలి మీదే. సైకిలైతే గోడకి ఆనిస్తే చాలు.

భర్త బట్టల షాపులో తానులు విప్పి చూపించే పని చేసేవాడు. రోజంతా వచ్చినవాళ్ళకి వంగి వంగి మర్యాద చేసి, మిగిలిన వెటకారమంతా ఇంటికి తెచ్చేవాడు. "బాగుంది. ముసలితనంలో మోటారు సరదా. నువ్వు ముందు బుర్రుమంటూ పో, నేను వెనకాల నట్లు ఏరుకుంటూ వస్తా" అన్నాడు.

 జవాబు చెప్పకుండా తన పని చేసుకుపోవడం ఆమెకి బాగా అలవాటైన విద్య.

సైకిలు షాపు పెద్దాయనకి డెబ్బై ఏళ్ళు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే సైకిలు పుల్లని వంచి పెట్టుకున్నాడు. ఆమె విషయం చెప్పగానే, ఆయన ఇంజను సంగతి ఎత్తకుండా మోకాలు సంగతి అడిగాడు. ఏ కాలు, ఎంత వంగుతుంది, ఎక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడు నొప్పా అని. డాక్టరు కూడా అన్ని ప్రశ్నలు వేయలేదు.

తర్వాత చెప్పాడు. "మూడు రకాలున్నాయమ్మాయ్. మొదటిది వెనక టైరు మీద కూర్చుంటుంది. దాని కింద ఒక రోలరుంటుంది, అది టైరుని రుద్దితే చక్రం తిరుగుతుంది. ఏ సైకిలుకైనా పడుతుంది. నీ ఆడవాళ్ళ సైకిలుకీ పడుతుంది. రెండోది రెండు స్ట్రోకుల ఇంజను. ఫ్రేము నడుమ కూర్చుని చైనుతో చక్రాన్ని లాగుతుంది. తేలిక, చవక, బలం. పెట్రోల్లో ఆయిలు కలుపుకోవాలి. మూడోది నాలుగు స్ట్రోకులది. బరువు, ఖరీదు. కాని నెమ్మదస్తుడు. నోరు చేసుకోడు."

"నీకేది మంచిదనిపిస్తుంది బాబాయ్?"

"నేను చెప్తే నేను తొక్కాలి. తొక్కేది నువ్వు. పోయి తొక్కేవాళ్ళని అడుగు."

ఆమె అడిగింది. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో ప్రతి గేటూ తట్టిన మనిషికి అడగడానికి మొహమాటమేముంటుంది? పేపర్లు వేసే అతని దగ్గర టైరు మీది రకం ఉంది. అతను టైరు చూపించాడు. నడుమంతా అరిగి, నున్నగా, బట్టతలలా ఉంది. "ఎండాకాలం రాజాలా పోతుందమ్మా. వాన పడిందా, రోలరు అక్కడే తిరుగుతుంది, సైకిలు ఇక్కడే ఉంటుంది" అన్నాడు. మీటరమ్మ తిరిగేదంతా పైపులు పగిలిన వీధులు, గుంటలు పొంగే గేట్లు. ఆ రకం ఆమె మనసులోంచి పోయింది.

రెండు స్ట్రోకులదాన్ని సానపట్టే మనిషి ఎక్కి చూడమన్నాడు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. లాగుడు బాగానే ఉంది. దిగాక అరగంటసేపు అరచేతులు జివ్వుమంటూనే ఉన్నాయి, చెవుల్లో కందిరీగల తుట్టె పెట్టినట్టుంది. అయినా మగవాళ్ళందరి ఓటూ దానికే. భర్త దగ్గర్నుంచి ఆఫీసు ప్యూను దాకా, "తీసుకుంటే ఎనభై సీసీ తీసుకో, ఎత్తు మీద ఎగిరిపోతుంది" అన్నవాళ్ళే. వాళ్ళలో ఒక్కడికీ ఇంజను సైకిలు లేదు.

పొడుగక్క మటుకు వేరేగా ఆలోచించింది. "ఆ చప్పుడేసుకుని వీధిలోకి వచ్చావనుకో, దొంగ పైపుల వాళ్ళందరూ నువ్వు మలుపు తిరిగేలోపే పీకి దాచేస్తారు. నువ్వొస్తున్నావని టముకు వేసినట్టే. ఇక కుక్కలంటావా, ఊళ్ళో ఉన్నవన్నీ నీ వెనకే ఊరేగింపు."

ఇద్దరూ నవ్వారు. నవ్వులోనే తేలిపోయింది. నాలుగు స్ట్రోకులదే.

వెనక చక్రానికి బిగించే పళ్ళచక్రం దగ్గర ఇంకో పేచీ వచ్చింది. ఇంజను కిట్టు అమ్మే షాపువాడు, తక్కువ పళ్ళున్నది తీసుకోండి, స్పీడు బాగా వస్తుంది అన్నాడు. పళ్ళు పెరిగే కొద్దీ వేగం తగ్గి ఎత్తు ఎక్కే సత్తువ పెరుగుతుందని పెద్దాయన ముందే చెప్పి పంపాడు. "నాకు స్పీడెందుకు బాబూ? ప్రతి పదడుగులకీ ఆగేదాన్ని. ఎక్కువ పళ్ళున్నదే ఇవ్వు" అంది. షాపువాడు యాభై ఆరు పళ్ళది దుమ్ము దులిపి ఇచ్చాడు. దాన్ని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరన్నాడు.

ఇక సైకిలు. ఆమెది వంగిన గొట్టం ఉన్న ఆడవాళ్ళ సైకిలు. నడుమ ఇంజను కూర్చునే చోటే లేదు. పైన అడ్డంగా బారు, కింద ఏటవాలు గొట్టం, వెనక సీటు గొట్టం, ఈ మూడూ కలిసిన ముక్కోణంలోనే ఇంజను కూర్చుంటుంది. అంటే మగవాళ్ళ సైకిలు కావాలి. బారున్న సైకిలు ఎక్కాలంటే కాలు పైకెత్తి అవతలికి వేయాలి. మోకాలి కోసం ఇంజను, ఇంజను కోసం బారు, బారు కోసం మళ్ళీ మోకాలు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట చెబితే భర్త కూడా నిజంగా నవ్వాడు, వెటకారం లేకుండా.

పెద్ద షాపులో కొత్త సైకిళ్ళు చూసింది. అల్యూమినియంవి, తేలికవి, గేర్లున్నవి. పెద్దాయన ఒక్కొక్కదాన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇవి అందంగా ఉంటాయమ్మాయ్, అదురు ఓర్చుకోవు. ఏడాది తిరక్కుండా అతుకు దగ్గర పగులుతుంది. గొట్టాలు చూడు, లావు, వంకర. ఇంజను పట్టీలు ఎక్కడ బిగించేది? పాత ఇనప సైకిలు తే. గొట్టాలు సన్నగా, గుండ్రంగా, నిటారుగా ఉండాలి. తుప్పు పైన ఉంటే ఫరవాలేదు, లోపల ఉండకూడదు."

అలాంటిది పొడుగక్క ఇంట్లో ఉంది. గోడకి ఆనించి పధ్నాలుగేళ్ళుగా ఉంది. ఆమె భర్త ఒక రోజు పనికని వెళ్ళి తిరిగి రాలేదు. వేరే ఊళ్ళో వేరే మనిషితో ఉన్నాడని తర్వాత తెలిసింది. బస్సులో వెళ్ళాడు కాబట్టి సైకిలు మిగిలింది.

"తీసుకుపోవే. పధ్నాలుగేళ్ళుగా దాని దుమ్ము తుడుస్తున్నా, ఎందుకు తుడుస్తున్నానో నాకే తెలీదు. నువ్వు తొక్కితే కనీసం అది ఎక్కడికో ఒక చోటికి పోతుంది" అంది పొడుగక్క.

డబ్బు మాట ఎత్తితే తిట్టింది.

మూడు ఆదివారాలు పట్టింది బిగించడానికి. పెద్దాయన వెనక చక్రాన్ని విప్పి లావు పుల్లలతో మళ్ళీ అల్లాడు. బ్రేకులు కొత్తవి వేశాడు. ఇంజను వెడల్పుకి పెడళ్ళు తగులుతున్నాయని ఇరుసు మార్చి పొడుగుది వేశాడు. పొడుగక్క ప్రతి ఆదివారం వచ్చి, గట్టు మీద కూర్చుని పానాలు అందించేది. మీటరమ్మ కంటే ఆమెకే ఎక్కువ సరదా పట్టుకుంది. కార్బురేటరు ఏది, ప్లగ్గు ఏది, క్లచ్చి తీగ ఎక్కడ తెగుతుంది అని అడిగి అడిగి పెద్దాయన ప్రాణం తీసింది. సీటు కిందికి దించి, సైకిలుని తన వైపు వాల్చుకుని, బారు మీదుగా కాలు జార్చే పద్ధతి కూడా ఆమే కనిపెట్టింది. నాలుగైదు సార్లు పడుతూ లేస్తూ మీటరమ్మకి అది పట్టుబడింది.

మధ్యలో ఆఫీసు అనుమతి తీసుకోవలసి వచ్చింది. డ్యూటీలో సొంత బండి వాడాలంటే సూపర్‌వైజరు సంతకం ఉండాలి. ఆయన మంచిమాటలు మాట్లాడే మనిషి. అందరినీ అమ్మా అనే పిలుస్తాడు. "ఎందుకమ్మా ఇదంతా?" అన్నాడు. మోకాలు సంగతి చెబితే ఇక ఉద్యోగానికి పనికిరావంటాడని ఆమెకి భయం. అందుకని, "పని త్వరగా అవుతుంది సార్" అంది. ఆయన సంతకం పెట్టాడు. పెట్రోలు మాత్రం ఆఫీసు ఇవ్వదన్నాడు.

మొదటి రోజు పైవీధుల వాలు మొదట్లో నాలుగడుగులు తొక్కి, క్లచ్చి వదిలింది. ఇంజను ఒక్కసారి దగ్గి, తర్వాత గొంతు సవరించుకున్నట్టు నెమ్మదిగా అందుకుంది. యాభై ఆరు పళ్ళు చైనుని పట్టుకుని లాగాయి. వాలు ఆమె కింద నుంచి వెనక్కి జరిగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా తల వంచుకుని ఎక్కిన దారిలో తలెత్తి చూస్తే, గోడల మీద తీగలున్నాయి, మేడల మీద బట్టలు ఆరుతున్నాయి, దూరంగా ఊరు కనిపిస్తోంది. ఏడుపొచ్చింది. కళ్ళలో దుమ్ము పడిందని తనకి తానే చెప్పుకుంది.

నాలుగున్నరకి అయ్యే పని ఒంటిగంటకల్లా అవుతోంది. సాయంత్రాలు మోకాలి మీద తడిగుడ్డ వేసుకుని కాలు చాపుకునేది. వాపు తగ్గింది. రెండు నెలలు అలా గడిచాయి. ఆమె జీవితంలో అవి మంచి రెండు నెలలు. అంతకంటే మంచివి ఆమె ఎరగదు.

వానలు మొదలయ్యాక పొడుగక్కకి జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేకపోయింది. సెలవులు అప్పటికే అయిపోయాయి. రాకపోతే జీతం కోత, పైగా ఏడాది కాగితం మీద సంతకం పెట్టే నెల. మీటరమ్మ ఆమె మంచం పక్కన నిలబడి, "నీ మిషన్ ఇటివ్వక్కా. నా పని ఒంటిగంటకి అయిపోతుంది. మధ్యాహ్నం నీ వీధులు చూసేస్తా. ఎవరికీ తెలీదు" అంది.

"వద్దే. ఎందుకొచ్చిన తంటా."

"నీ సైకిలే కదా, నీకు పనికిరాకపోతే ఎలా?" అంది మీటరమ్మ.

మూడు రోజులూ పొద్దున తన బీటు, మధ్యాహ్నం నుంచి ఆరింటిదాకా కిందివీధులు చూసింది. ఒక్క ఇల్లూ వదల్లేదు, ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. నాలుగో రోజు పొడుగక్క మంచం మీద నుంచి లేచి, ఆ మిషన్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. అంతా సవ్యంగానే గడిచిందని ఇద్దరూ అనుకున్నారు.

ఆ మిషన్లో ప్రతి అంకె పక్కనా గంటా నిమిషమూ పడతాయి. అది ఇద్దరికీ తెలుసు. కాని ఎవరూ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఆ నెల సూపర్‌వైజరు చూశాడు. కిందివీధుల్లో మూడు రోజులు మధ్యాహ్నం దాటాకే పని మొదలైంది. రెండు ఇళ్ళకి ఫోను చేసి ఎవరొచ్చారని అడిగాడు. మీటరమ్మ వచ్చింది, ఇంజను సైకిలు మీద వచ్చింది అని వాళ్ళు ఉన్నమాట చెప్పారు.

ఇద్దరినీ పిలిచాడు. కోప్పడతాడని, క్షమాపణ కాగితం రాయిస్తాడని అనుకుంటూ వెళ్ళారు. ఆయన కోప్పడలేదు. కూర్చోమన్నాడు.

"తప్పు చేశారని నేననట్లేదమ్మా. మనుషులన్నాక ఒకరికొకరు సాయం చేసుకుంటారు. కాని ఒక్కరు రెండు బీట్లు చూడగలరని ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు. పని త్వరగా అవుతుందని నువ్వు చెప్పావు, నేనే సరిగా వినలేదు" అని మీటరమ్మ వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వాడు. తర్వాత పొడుగక్కతో, "వచ్చే నెల నుంచి మీ కాగితం పొడిగించడం లేదమ్మా. పైనుంచి మనుషుల్ని తగ్గించమని ఎప్పటినుంచో అంటున్నారు. మీకూ వయసైంది, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

 "నేనూ ఇంజను పెట్టించుకుంటాను సార్" అంది పొడుగక్క.

"ఇద్దరూ ఇంజన్లేసుకుంటే నాలుగు బీట్లు చూస్తారు. నా దగ్గర ఉన్నవే ఆరు. మిగతావాళ్ళని ఏం చేయమంటారు?" అన్నాడాయన. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే లెక్క వేసి చూసినట్టు అన్నాడు.

మీటరమ్మ బల్ల కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.  ఆ క్షణంలో ఆమె మనసులో ముందుగా వచ్చిన మాట ఏమిటంటే, 'పోయింది నాది కాదు' అని. ఆ మాట వచ్చినందుకు తర్వాత చాలా కాలం తనని తాను తిట్టుకుంది. కాని ముందు వచ్చింది అదే.

వరండాలోకి వచ్చాక పొడుగక్క ఆగింది. "ఒక్క మాటైనా అనలేదేమే?"

"ఏమనమంటావక్కా?"

"ఏదో ఒకటి. అది వాడు వినాలని కాదు. నేను వినాలని."

పొడుగక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది. డబ్బా పంపుహౌసు మెట్టు మీదే మర్చిపోయింది. మీటరమ్మ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి కడిగింది. ఇవ్వడానికి మొహం చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. రాత్రంతా కూడగట్టుకున్న ధైర్యంతో నిలబడే చెప్పింది. "ఇంజను తీసేస్తాను సార్. పాత పద్ధతిలోనే వెళ్తాను. ఎవరి బీటు వాళ్ళకే ఉంచండి."

"అలాగా? మోకాలి నొప్పని విన్నానే" అన్నాడాయన. ఎవరు చెప్పారో ఆమెకి తెలీదు. "తీసేయమ్మా, నీ ఇష్టం. కాని రెండు బీట్లు ఒకరు చూడొచ్చని పైకి రాసి పంపించేశాను. నువ్వు కాదంటే బండి ఉన్న ఇంకొకర్ని తీసుకుంటాం. అప్పుడు మీ ఇద్దరూ కలిసి విశ్రాంతి తీసుకోవచ్చు."

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఇంటికొచ్చి భర్తతో చెబితే, ఆయన ఆ రోజు వెటకారం ఆడలేదు. "నువ్వు మానేస్తే ఆవిడకి ఉద్యోగం తిరిగొస్తుందా? రాదు. మరెందుకు మానడం?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పు లేకపోవడమే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

నెలాఖరుకి పొడుగక్క మీటరమ్మ ఇంటికొచ్చింది. లోపలికి రాలేదు. గోడకి ఆనించిన సైకిలు దగ్గర నిలబడి, సీటు మీద చెయ్యి వేసింది. మీటరమ్మ డబ్బా తెచ్చి ఇచ్చింది. తీసుకుంది.

"ఇంజను నీది. సైకిలు నాది. ఇంజను విప్పేసుకో, నా సైకిలు నాకిచ్చెయ్" అంది.

మీటరమ్మ ఒకడుగు ముందుకి వేసింది. "అక్కా, రేపట్నుంచి రెండు బీట్లు. ఇది లేకపోతే..."

"తెలుసు."

"నీకు ఇంకో సైకిలు కొనిపెడతాను. కొత్తది. నీకు నచ్చింది."

"నాకు కొత్త సైకిలెందుకే? ఎక్కడికి పోవాలని? నాది నాకిమ్మంటున్నాను."

"నాలుగు నెలలు ఆగు. వేరే ఫ్రేము వెతుక్కుని ఇంజను మార్పించుకుంటాను."

"ఇస్తావా, ఇవ్వవా?"

 మీటరమ్మ హ్యాండిలు పట్టుకుని నిలబడింది. అలా పట్టుకున్నట్టు తనకే తెలీదు. పొడుగక్క ఆ చేతి వైపు చూసింది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నీకు కొక్కెం పట్టుకోవడం నేర్పినప్పుడు ఇది కూడా నేర్పినట్టున్నాను" అంది. సీటు మీద నుంచి చెయ్యి తీసేసింది. వీధి చివరిదాకా నిటారుగా నడుచుకుంటూ వెళ్ళింది.

లోపల భర్త అంతా విన్నాడు. "ఊరికే ఇచ్చిన వస్తువు తిరిగి అడగడమేంటి?" అన్నాడు.

"నోరు మూసుకోండి" అంది మీటరమ్మ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు.

నాలుగు నెలలు కాదు, ఎనిమిది నెలలైనా వేరే ఫ్రేము దొరకలేదు. నిజం చెప్పాలంటే మొదటి నెల వెతికింది. తర్వాత వెతకడానికి తీరిక లేదు. పొద్దున ఆరున్నరకి బయల్దేరితే సాయంత్రం ఆరున్నర. రోజుకి మూడువందల అరవై గేట్లు. ఇంజను ఎత్తు ఎక్కించగలదు గాని, గుంట దగ్గర కూర్చోబెట్టి లేవనెత్తలేదు కదా. మోకాలు మళ్ళీ వాచింది. ఈసారి ఎడమది కూడా. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన చెప్పే మూడు ముక్కలూ ఆమెకి కంఠతా వచ్చు.

సైకిలు షాపు పెద్దాయన కూడా ముభావంగా ఉండేవాడు. పని చేసి పెట్టేవాడు, మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం, "నేనే చేశాను కదమ్మాయ్ దాన్ని" అన్నాడు. అది ఆమె మీద కోపమో, ఆయన మీద ఆయనకే కోపమో తెలియలేదు.

కిందివీధుల్లో అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు. "పొడుగామె ఏమైందమ్మా? ఈ మధ్య కనబడదేం?"

"మానేసింది" అనేది మీటరమ్మ.

ఆ రెండో బీటులోనే పొడుగక్క అద్దెకుండే ఇల్లూ ఉంది. పన్నెండో వీధిలో, మూడో గేటు. రెండు నెలలకోసారి ఆ గేటు ముందు ఆగక తప్పదు. మొదటిసారి వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి సైకిలు తోసుకుంటూ వచ్చింది. గేటు తీసే ఉంది. మీటరు మూత అప్పటికే తీసి పక్కన పెట్టి ఉంది. గుంటలో ఆకులు ఎత్తేసి, గాజు పొడిగుడ్డతో తుడిచి ఉంది. కూర్చోనవసరం లేకుండా పైనుంచే అంకెలు కనిపిస్తున్నాయి. ఇంటి తలుపు మూసి ఉంది.

మోకాలు సంగతి గుర్తుపెట్టుకుని చేసిందో, ఈ మనిషి నా గడపలో ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉండకూడదని చేసిందో మీటరమ్మకి అర్థం కాలేదు. అంకెలు కొట్టుకుంది. మూత పెట్టి వచ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

నాలుగోసారి తలుపు తెరిచే ఉంది. పొడుగక్క గడపలో నిలబడి ఉంది. జుట్టు బాగా నెరిసింది. ఇళ్ళల్లో గిన్నెలు తోమడానికి వెళ్తోందని ఎవరో అన్నారు, చేతులు చూస్తే నిజమే అనిపించింది. మీటరమ్మ అంకెలు కొడుతూ కొడుతూ తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"అక్కా" అంది తనే చివరికి.

పొడుగక్క ఆమె మొహం చూడలేదు. గోడకి ఆనించిన సైకిలు వైపు చూసింది.

"చైను వదులైంది. వీధి మలుపు దగ్గర్నుంచి చప్పుడు వినిపిస్తోంది. బిగించుకో, పట్టు తప్పితే చక్రంలో పడుతుంది" అంది.

తలుపు వేసుకుంది.

మీటరమ్మ వంగి చూసింది. చైను వదులుగానే ఉంది. సంచీలోంచి పానా తీసి, అక్కడే, ఆ గేటు ముందే, గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి కూర్చుంది. బిగించడం అయిపోయాక లేవడానికి చాలాసేపు పట్టింది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకా నూట పది ఇళ్ళున్నాయి.